మిక్స్‌డ్ బెర్రీ పై: హైదరాబాద్ వంటింట్లో ఏ పండ్లు, ఏ వెన్న, ఏ ఓవెన్?

మైదా పొరల మధ్య బెర్రీ పండ్లు నింపి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం బెర్రీ పై. అది చేద్దామనుకునేవాళ్లు ముందు రెసిపీ వెతుకుతారు. హైదరాబాద్‌లో ఉంటే అంతకన్నా ముందు క్యాలెండర్ చూడాలి. డిసెంబర్‌లో చేసే పైకి, మే నెలలో చేసే పైకి పొంతన ఉండదు. దొరికే పండ్లు వేరు. వెన్న చేతిలో నిలిచే తీరు వేరు. చివరికి పిండి కలిపే సమయం కూడా వేరు. మనం చూసే రెసిపీల్లో చాలావరకు చల్లటి దేశాల వంటగదులను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అక్కడ వెన్న బల్ల మీద పెట్టినా అరగంట గట్టిగా ఉంటుంది. మన వేసవిలో పది నిమిషాలకే జారిపోతుంది.

కాబట్టి ఇక్కడ ఒక రెసిపీ బదులు, దారి చీలే ప్రతిచోటా ఏది ఎంచుకోవాలో, ఎందుకో చెబుతాను. తూకం కోసం ఒక కొలత మాత్రం గుర్తుపెట్టుకోండి. 8 అంగుళాల పళ్లేనికి, కింద పొర, పైన పొర రెండూ కావాలంటే మైదా 240 గ్రాములు, వెన్న 150 గ్రాములు, ఐస్ నీళ్లు 60 నుంచి 70 మిల్లీలీటర్లు. లోపలికి పండ్లు 550 నుంచి 600 గ్రాములు, పంచదార 100 నుంచి 120 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ సుమారు 30 గ్రాములు, ఒక చెంచా నిమ్మరసం. ఇంట్లో వాడే చిన్న ఓటీజీల్లో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పెట్టెల్లో) 8 అంగుళాల పళ్లెం చుట్టూ గాలి తిరగడానికి చోటు మిగులుతుంది. 9 అంగుళాలది పెడితే అంచులు రాడ్లకు దగ్గరై మాడే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. బెర్రీ పై పాడయ్యేది దాదాపు ఎప్పుడూ రసం వల్లే. పండు వేడెక్కితే రసం వదులుతుంది. ఆ రసం చిక్కబడాలి, లేదా ఆవిరై పోవాలి. రెండూ జరగకపోతే కింది పొరలోకి దిగి దాన్ని పచ్చి పిండి ముద్ద చేస్తుంది. కింద చెప్పే ఎంపికలన్నిటిలో నేను చూసేది ఈ ఒక్క సంగతే: రసం ఎక్కడికి పోతుంది?

తాజా పండ్లా, ఫ్రోజెన్ ప్యాకెట్టా?

నవంబర్ చివరి నుంచి మార్చి దాకా మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీలు నగరంలోకి వస్తాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. మన లంబసింగి వైపు పండే స్ట్రాబెర్రీలు కూడా చలికాలంలోనే దొరుకుతాయి. తోపుడు బండి మీదైనా, సూపర్ మార్కెట్‌లోనైనా ప్లాస్టిక్ డబ్బాను తలకిందులు చేసి అడుగు చూడండి. పై వరస ఎప్పుడూ అందంగానే ఉంటుంది. కింది వరసలో ఎర్రటి తడి కనిపిస్తే వద్దు. భుజాల దగ్గర తెల్లగా ఉన్నవీ వద్దు, కోసిన తర్వాత స్ట్రాబెర్రీ తియ్యబడదు.

స్ట్రాబెర్రీ ఎంత బాగున్నా పైలో సగానికి మించి వేయకండి. మూడో వంతైతే ఇంకా మంచిది. అందులో తొంభై శాతం పైగా నీళ్లే. ఓవెన్‌లో ఆ నీళ్లు వదిలి మెత్తబడిపోతుంది, రంగు కూడా వెలసిపోతుంది. పైకి నిండుదనాన్నిచ్చేది బ్లూబెర్రీ, ఘాటైన పులుపునిచ్చేది రాస్ప్‌బెర్రీ. స్ట్రాబెర్రీ వంతు వాసన. మూడూ కలిస్తేనే మిక్స్‌డ్ బెర్రీ రుచి వస్తుంది.

తాజా బ్లూబెర్రీలు చిన్న డబ్బాల్లో దొరుకుతాయి, ఎక్కువగా దిగుమతి అయినవే. ఒక పైకి కావాల్సినన్ని కొంటే ఖర్చు గట్టిగానే అవుతుంది. వాటిని పైలో వేయడం నాకు ఇష్టముండదు. తాజా బ్లూబెర్రీ గొప్పతనం పంటి కింద పేలే ఆ చర్మంలో ఉంది, ఓవెన్‌లో అది ఎలాగూ పోతుంది. ఉడికాక తాజాదానికీ ఫ్రోజెన్‌దానికీ తేడా కనిపెట్టడం చాలా కష్టం. ఆ డబ్బు మంచి వెన్న మీద పెట్టండి. తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

తాజా రాస్ప్‌బెర్రీలు, బ్లాక్‌బెర్రీలు మన దగ్గర అరుదు. అందుకే నా సలహా ఇది: చలికాలంలో తాజా స్ట్రాబెర్రీ 200 గ్రాములు, ఫ్రోజెన్ బ్లూబెర్రీ 200 గ్రాములు, ఫ్రోజెన్ రాస్ప్‌బెర్రీ లేదా బ్లాక్‌బెర్రీ 150 గ్రాములు. మిగతా నెలల్లో పూర్తిగా ఫ్రోజెన్. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పండు పక్వానికొచ్చినప్పుడే కోసి గడ్డకట్టిస్తారు కాబట్టి, దూరం నుంచి ప్రయాణం చేసి అలసిపోయిన తాజా పండు కన్నా చాలాసార్లు అదే రుచిగా ఉంటుంది.

ఫ్రోజెన్ ప్యాకెట్ కొనేటప్పుడు చేత్తో ఊపి చూడండి. లోపల పండ్లు విడివిడిగా గలగలమంటే సరే. ఒకటే గడ్డలా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి, మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అది తీసుకోవద్దు. ప్యాకెట్ వెనక పదార్థాల వరస కూడా చదవండి. పంచదార కలిపినవి ఉంటాయి, వాటితో కొలతలు తప్పుతాయి. మిక్స్‌డ్ ప్యాకెట్లలో మొదటి పేరు స్ట్రాబెర్రీ అయితే అదే ఎక్కువ ఉన్నట్టు. అలాంటప్పుడు విడిగా ఒక బ్లూబెర్రీ ప్యాకెట్ కూడా కొని కలుపుకోండి.

గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు పండు కణాలను చీల్చేస్తాయి. కరిగాక రసం ఒక్కసారిగా కారేది అందుకే. దీనికి విరుగుడు తేలిక. జల్లెడ మీద పండ్లు వేసి, కింద గిన్నె పెట్టి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. కారిన రసాన్ని పొయ్యి మీద మూడో వంతుకు మరిగించి, చల్లార్చి, తిరిగి పండ్లలో కలపండి. నీళ్లు పోయాయి, రుచి మిగిలింది. తాజా స్ట్రాబెర్రీలకూ ఇదే పద్ధతి: రెండు ముక్కలు చేసి, కొంచెం పంచదార చల్లి, అరగంట ఆగి, వచ్చిన రసం వంచి మరిగించాలి. ఈ ఒక్క పని చేస్తే సగం గట్టెక్కినట్టే. తొందరలో దీన్ని వదిలేసేవాళ్లే తర్వాత కార్న్‌ఫ్లోర్‌ను తిడతారు.

మన పండ్లతో కుదురుతుందా?

కుదురుతుంది, కానీ అన్నిటితో కాదు. వేసవి మొదట్లో దొరికే కంబళి పండ్లు, అంటే మల్బరీలు, పైకి చక్కగా సరిపోతాయి. ఆకారం నిలుపుకుంటాయి, రంగు ముదురుగా వస్తుంది. తీపి ఎక్కువ, పులుపు తక్కువ కాబట్టి నిమ్మరసం రెండు చెంచాలకు పెంచండి. మధ్యలో ఉండే సన్నటి కాడను కత్తెరతో తీసేస్తే నోటికి అడ్డు పడదు. పనే, కానీ తీరిగ్గా కూర్చుని చేసుకోదగ్గ పని.

వానాకాలం మొదట్లో నేరేడు పండ్లు వస్తాయి. రంగు చూస్తే మనసు లాగేస్తుంది కానీ ఆ వగరు ఓవెన్‌లో పూర్తిగా పోదు. గింజ తీసిన గుజ్జును మొత్తం పండులో మూడో వంతు లోపే ఉంచి, మిగతాది ఫ్రోజెన్ బ్లూబెర్రీతో నింపండి. అప్పుడు ఆ వగరు అడుగున సన్నగా తగులుతుంది, బాగుంటుంది.

వాక్కాయలను మాత్రం చాలామంది పట్టించుకోరు. పప్పులో వేసుకోవడం మనకు అలవాటే. బేకరీ కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీలు చాలా చోట్ల పాకంలో ఊరిన వాక్కాయలే. పులుపు, రసాన్ని జామ్‌లా బిగించే పెక్టిన్ రెండూ బాగా ఉన్న కాయ అది. గింజలు తీసి, సన్నగా తరిగి, ఒక గుప్పెడు కొంచెం పంచదారతో ఉడికించి బెర్రీల్లో కలిపితే నిమ్మరసం అక్కర్లేదు, రసం కూడా బిగుస్తుంది. స్ట్రాబెర్రీలో పెక్టిన్ తక్కువ కాబట్టి దానికి ఇది మంచి జోడీ. చలికాలం పండుకు వానాకాలం కాయ ఎలా అంటారా? వాక్కాయలు దొరికినప్పుడే తరిగి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

కాగితం లాంటి తొడుగులో వచ్చే పసుపు రస్‌భరి అలంకారానికి సరే, లోపల వేస్తే గింజలు ఎక్కువగా తగులుతాయి. రేగుపండ్లు పైకి వద్దు.

వెన్నా, నెయ్యా, డాల్డానా?

ఈ ఎంపికే పిండి పొరలు ఎలా ఉంటాయో తేలుస్తుంది. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీళ్లు ఉంటాయి. మైదాలో బఠాణీ గింజంత వెన్న ముక్కలు అలాగే మిగిలితే, ఓవెన్ వేడికి ఆ నీళ్లు ఆవిరై పిండిని పైకి లేపుతాయి. వెన్న కరిగిన చోట ఖాళీలు ఏర్పడతాయి. పొరలు పొరలుగా విడేది అలాగే. వెన్న ముందే కరిగి మైదాలో కలిసిపోతే పొరలు రావు, బిస్కెట్‌లా గట్టిపడుతుంది.

హైదరాబాద్ సమస్య ఇక్కడే మొదలవుతుంది. డిసెంబర్, జనవరిలో ఉదయం పూట వంటగది దానంతటదే చల్లగా ఉంటుంది, స్ట్రాబెర్రీల కాలమూ అదే. ఏడాదికి ఒక్కసారే పై చేస్తాను అనేవాళ్లు ఆ రెండు నెలల్లో చేయండి. మార్చి దాటితే పొద్దున్నే పిండి కలపండి, లేదా ఏసీ గదిలో బల్ల వేసుకోండి. మైదాను, గిన్నెను, చపాతీ కర్రను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వెన్నను ముక్కలు కోయడానికి బదులు, గడ్డకట్టిన వెన్నను కొబ్బరికోరు తురుముకునే దానిమీద నేరుగా మైదాలోకి తురమండి. చేతి వేడి తగలదు. వేసవిలో నేను ఇంకో పద్ధతి ఒప్పుకోను.

అమూల్ ఉప్పు వెన్న అన్ని చోట్లా దొరుకుతుంది, పనికొస్తుంది కూడా. విడిగా ఉప్పు వేయకుండా ఉంటే చాలు. ఉప్పు లేని వెన్న దొరికితే రుచి మన చేతిలో ఉంటుంది, అప్పుడు పావు చెంచా ఉప్పు కలపండి. వంద గ్రాముల ప్యాకెట్ ఒకటిన్నర మన కొలతకు సరిపోతుంది.

నెయ్యిలో నీళ్లు ఉండవు. కాబట్టి పొరలు లేవవు. దానికి బదులు నోట్లో ఇసుకలా పొడిపొడిగా విరిగే ఖస్తా పొర వస్తుంది. పెళ్లిళ్లలో లుఖ్మీ (కైమా కూరిన మైదా చిరుతిండి) తిని పెరిగిన హైదరాబాదీలకు ఆ విరుగుడు బాగా నచ్చుతుంది. 150 గ్రాముల వెన్న బదులు పేరుకున్న నెయ్యి 120 గ్రాములు చాలు. నెయ్యి వాసన బ్లూబెర్రీతో కలుస్తుంది, స్ట్రాబెర్రీని మాత్రం కప్పేస్తుంది. అందుకే స్ట్రాబెర్రీ ఉన్న పైకి వెన్న, నేరేడు, మల్బరీ పైలకు నెయ్యి అని నా లెక్క. వెన్న సగం, నెయ్యి సగం కూడా బాగుంటుంది. ఎండాకాలంలో చేత్తో పని చేయడానికి అదే సుఖం.

డాల్డా వేడికి తట్టుకుంటుంది, పిండి అందంగా పరచుకుంటుంది. రుచి ఉండదు, నాలుక మీద జిడ్డు పొర మిగులుతుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి పాత భయాలు కొంత తగ్గాయి. అయినా ఇంత ఖరీదైన పండ్లు కొన్నాక దాంతో చేయమని నేను చెప్పను.

ఏది వాడినా పిండిని చపాతీ ముద్దలా పిసకొద్దు. మనకు ఇదే కష్టం, చేతికి ఆ అలవాటు ఉంటుంది. నీళ్లు చిలకరించి, గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అంతే. రెండు భాగాలు చేసి, బిళ్లల్లా ఒత్తి, కనీసం గంట ఫ్రిజ్‌లో పెట్టండి.

రసం చిక్కబడడానికి ఏం వేయాలి?

కార్న్‌ఫ్లోర్ అందరింట్లో ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్లకు అదే మంచిది. ఒక్కటే షరతు: పై మధ్యలో బుడగలు రావాలి. అంచుల దగ్గర మాత్రమే ఉడికితే మధ్యలో ఉన్న పిండి పచ్చిగా మిగిలి, కోయగానే రసం ధారగా కారుతుంది. బుడగలు నిదానంగా, బరువుగా పగలాలి. పైపొర బాగా ఎర్రబడినా బుడగలు లేకపోతే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి ఇంకో పది నిమిషాలు ఉంచండి.

సగ్గుబియ్యం పొడి నాకు ఇంకా ఇష్టం. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో కర్రపెండలంతో తయారయ్యే ఆ సగ్గుబియ్యమే. మిక్సీలో మెత్తగా పొడి చేసి, జల్లించి, కార్న్‌ఫ్లోర్ కొలతలోనే పండ్లలో కలిపి పావుగంట నాననివ్వాలి. రసం అద్దంలా మెరుస్తుంది, పండు రంగు మసకబారదు, మర్నాటికి నీళ్లు కూడా వదలదు. మూతకు బదులు పిండి పట్టీల అల్లిక ఉన్న పైలో మాత్రం బయటకు కనిపించే పలుకులు ఎండి గట్టిపడతాయి, పొడి బాగా మెత్తగా ఉండాలి.

మైదా వేస్తే రసం తెల్లగా, మబ్బుగా అవుతుంది. వద్దు.

ఓటీజీ, మైక్రోవేవ్, కుక్కర్

ఓటీజీ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. కింద, పైన రాడ్లు రెండూ వెలుగుతాయి, అడుగు సరిగ్గా కాలుతుంది. 200 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడి చేసి, లోపలి ఇనుప ట్రేను కింది అరలో ఉంచండి. పై పళ్లేన్ని ఆ వేడి ట్రే మీదే పెడితే అడుగు వెంటనే బిగుస్తుంది, రసం దిగేలోపే పొర కాలుతుంది. 20 నిమిషాల తర్వాత 180కి తగ్గించి మరో 35 నుంచి 40 నిమిషాలు. పెద్ద ఓటీజీలు 1500 వాట్లు, అంతకు మించి కరెంటు లాగుతాయి. మామూలు చిన్న ప్లగ్గుకు కాకుండా 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు.

అపార్ట్‌మెంట్లలో ఎక్కువమంది దగ్గర ఉండేది కన్వెక్షన్ మైక్రోవేవ్. దాంతోనూ పై వస్తుంది. వేడి గాలి వెనక నుంచి, పై నుంచి తిరుగుతుంది కాబట్టి పైపొర తొందరగా ఎర్రబడి, అడుగు వెనకబడుతుంది. చెప్పిన దానికన్నా 15, 20 డిగ్రీలు తగ్గించండి, చిన్న స్టాండు వాడండి, కింది పొరను పండ్లు వేయకముందే విడిగా కాల్చండి: పిండి మీద బటర్ పేపర్ పరచి, శనగలో రాజ్మానో బరువుగా పోసి 15 నిమిషాలు, అవి తీసేసి ఇంకో 5 నిమిషాలు. లోహపు పళ్లెం కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే వాడాలి. మైక్రోవేవ్ కలిసిన మోడ్‌లో పెట్టకూడదు.

ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక పోసి కేకు చేసుకోవచ్చు కానీ పైకి అది పనికిరాదు. పైన వేడి లేదు, ఆవిరి బయటకు పోదు. రసం ఉన్న పండ్లు, ఆవిరి నిండిన గిన్నె కలిస్తే పొర ఉడుకుతుందే తప్ప కాలదు.

ఓవెన్ లేనివాళ్లకు, మే నెలలో ఓవెన్ ముందు నిలబడే ఓపిక లేనివాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పే దారి ఉస్మానియా బిస్కెట్ల పై. 200 గ్రాముల బిస్కెట్లు పొడి చేసి, 80 గ్రాముల కరిగిన వెన్న కలిపి, పళ్లెం అడుగునా అంచులకూ ఒత్తి, ఫ్రిజ్‌లో గంట బిగియనివ్వండి. ఆ బిస్కెట్‌లోని ఉప్పు, తీపి బెర్రీల పులుపు పక్కన బాగా పలుకుతాయి. పండ్లు, పంచదార, కార్న్‌ఫ్లోర్ పొయ్యి మీదే జామ్‌కన్నా పలచగా, పాయసంకన్నా చిక్కగా ఉడికించి, పూర్తిగా చల్లారాక పోయండి. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి కోయండి. పొరలు పొరలుగా విడే పై కాదు, కానీ రసం సంగతి పొయ్యి మీదే తేలిపోతుంది కాబట్టి దాదాపు ఎప్పుడూ చెడదు.

పళ్లెం, పైపొర

అల్యూమినియం పళ్లెం వేడిని తొందరగా అందిస్తుంది. బేగంబజార్ గిన్నెల దుకాణాల్లో, అడుగు విడిగా వచ్చే కేకు టిన్నులు కూడా దొరుకుతాయి, పై చెక్కు చెదరకుండా బయటకు తీయడానికి అవి హాయి. రసం కారితే పడడానికి కింద ట్రే ఉండాలి. గాజు పళ్లెం నిదానంగా వేడెక్కుతుంది కానీ అడుగు ఎర్రబడిందో లేదో ఎత్తి చూసుకోవచ్చు, కొత్తవాళ్లకు అది పెద్ద ధైర్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజును మాత్రం వేడి ట్రే మీద పెట్టకండి, పగలొచ్చు. స్టీలు కంచం వేడిని సమంగా పంచదు, వేరే ఏదీ లేనప్పుడే.

పైపొర విషయంలో రసం ఎక్కువ ఉన్న ఫ్రోజెన్ పండ్లకు అల్లికే మంచిది. ఖాళీల్లోంచి ఆవిరి పోతుంది, బుడగలూ కనిపిస్తాయి. అల్లే ఓపిక లేకపోతే పట్టీలు అడ్డంగా, నిలువుగా ఊరికే పరచండి, రుచిలో తేడా లేదు. పూర్తి మూత వేస్తే నాలుగైదు గాట్లు పెట్టాలి. గుడ్డు పూస్తే మెరుపు ఎక్కువ. గుడ్డు తినని చుట్టాలు వస్తుంటే పాలల్లో కొంచెం పంచదార కలిపి పూయండి, రంగు చక్కగా వస్తుంది.

ఓవెన్‌లోంచి తీసిన పైని మూడు నాలుగు గంటలు కదపకూడదు. వేడిగా కోస్తే రసం పారుతుంది, తప్పు మీ కొలతల్లో ఉందనుకుని మరుసటిసారి కార్న్‌ఫ్లోర్ రెట్టింపు వేస్తారు. రాత్రి భోజనానికి కావాలంటే మధ్యాహ్నం రెండింటికల్లా ఓవెన్‌లోంచి బయటకు రావాలి. చలికాలంలో ఆ రాత్రంతా బయటే ఉంచవచ్చు, మార్చి తర్వాత చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలిన ముక్కలను మర్నాడు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పొర మెత్తబడిపోతుంది. ఓటీజీలో 160 దగ్గర పది నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడుతుంది, అప్పుడు పక్కన వెనిలా ఐస్‌క్రీం వేసుకోండి.